ప్రొఫైల్ ఫొటోలో ఒకలా, ఎదురుగా ఇంకోలా: తేడా ఎక్కడ పుడుతోంది?

కాంతిరేఖ

డేటింగ్ యాప్‌ల గురించి ఏ చర్చ మొదలైనా చివరికి ఒకే ఫిర్యాదు దగ్గరికి వస్తుంది: "ఫొటోలో చూసిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు." వెంటనే మోసం అనేస్తారు. కొన్నిసార్లు అది మోసమే. కానీ ఎక్కువసార్లు కెమెరా దూరం, వెలుతురు, ఫొటో పాతబడటం, వందలో ఒకటి ఏరుకోవడం, ఈ నాలుగూ కలిసి ఆ తేడా తెస్తాయి. వీటిని విడదీసి చూడటం తెలిస్తే ఎదుటివాళ్ళ ఫొటో చదవడమూ వస్తుంది, మన ఫొటో సరిగ్గా తీసుకోవడమూ వస్తుంది. ఈ చర్చలో సొంత అనుభవాలు పక్కనపెట్టి, కొలతలు, కారణాలు, పద్ధతులు మాత్రం రాద్దాం. ఎవరు రాస్తే వాళ్ళ కలంపేరు పైన ఉంటుంది.

కటకం

అన్నిటికన్నా ముందు దూరం. ముఖం ఆకారాన్ని లెన్సు మారుస్తుందని చాలామంది అంటారు. ఫ్రేము మధ్యలో ఉన్న ముఖాన్ని మార్చేది లెన్సు కాదు, కెమెరాకీ ముఖానికీ మధ్య ఉన్న దూరం.

లెక్క చాలా తేలిక. ముక్కు కొన నుంచి చెవుల దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకోండి. మోచెయ్యి వంచి తీసే సెల్ఫీలో ఫోను ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, చెవులకి 42. అంటే చెవులతో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెద్దగా పడుతుంది. చెయ్యి పూర్తిగా చాపి 60 దగ్గర తీస్తే 1.2. మీటరున్నర దగ్గర 1.08. మూడు మీటర్ల దగ్గర 1.04.

బల్లకి అటూ ఇటూ కూర్చుని మాట్లాడుకునే ఇద్దరి మధ్య దూరం మీటరు, మీటరుంపావు ఉంటుంది. అక్కడ నిష్పత్తి 1.1 దగ్గర. కాబట్టి ఎదురుగా కనిపించే ముఖానికి దగ్గరగా ఉండేది మీటరున్నర దూరం నుంచి తీసిన ఫొటో. 2018లో జామా ఫేషియల్ ప్లాస్టిక్ సర్జరీ పత్రికలో వచ్చిన లెక్క కూడా ఇదే చెప్పింది: ఐదడుగుల దూరంతో పోలిస్తే 12 అంగుళాల సెల్ఫీలో ముక్కు అడుగుభాగం దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది.

గమనించండి, ఇది మనిషికి అన్యాయం చేసే తేడా. సెల్ఫీలో ముక్కు పెద్దగా, నుదురు ఉబ్బుగా, చెవులు వెనక్కి పోయినట్టు కనిపించే మనిషి ఎదురుగా ఇంకా బాగుండొచ్చు. ఫొటో ఎప్పుడూ మెరుగుపరుస్తుందన్న నమ్మకమే సగం అపార్థాలకి మూలం.

నిలువుటద్దం

కటకం గారు దగ్గర దూరం గురించి చెప్పారు. దూరం మరీ ఎక్కువైనా తేడానే. ఐదారు మీటర్ల నుంచి గట్టిగా జూమ్ చేసి తీస్తే ముఖం చదునవుతుంది, చెవులు బాగా బయటికి కనిపిస్తాయి, బుగ్గలు వెడల్పవుతాయి. స్టేజీ మీద, పెళ్ళిళ్ళలో దూరం నుంచి తీసిన ఫొటోల్లో కొందరు లావుగా కనిపించడానికి ఇదో కారణం.

ఇంకోటి, గ్రూపు ఫొటో అంచులు. వైడ్ లెన్సు ఫ్రేము అంచుల్లో ఉన్నదాన్ని పక్కకి సాగదీస్తుంది. అంచున నిలబడ్డవాళ్ళ ముఖాలు, భుజాలు వెడల్పవుతాయి. కొన్ని ఫోన్లు దీన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిదిద్దుతాయి, అన్నీ కాదు. గ్రూపు ఫొటో చూసి ఒళ్ళు అంచనా వేసేముందు ఆ మనిషి మధ్యలో ఉన్నారా, చివర ఉన్నారా చూడండి.

సూటిప్రశ్న

ఎత్తు సంగతేంటండీ? ఎక్కువ తేడా వచ్చేది అక్కడే కదా. ఫొటోలో ఆరడుగులు, ఎదురుగా ఐదున్నర.

కటకం

ఎత్తులో మాయ అంతా ఫోను వంపులో ఉంటుంది. కంటి ఎత్తున పట్టుకుని కిందికి వంచి తీస్తే తల పెద్దదై కాళ్ళు కురచవుతాయి. మోకాలి ఎత్తు నుంచి పైకి వంచి తీస్తే కాళ్ళు సాగుతాయి, తల చిన్నదవుతుంది, మనిషి పొడవుగా అనిపిస్తారు. పైగా ఫోన్లో 0.5 అని ఉండే అతి వైడ్ లెన్సు వాడి పాదాలు ఫ్రేము అంచుకి దగ్గరగా పెట్టి, ఒక కాలు కెమెరా వైపు చాపితే ఆ కాలు నమ్మలేనంత పొడుగొస్తుంది.

నిలువెత్తు ఫొటో నిజాయితీగా రావాలంటే ఫోను నడుము ఎత్తున, అంటే నేల నుంచి సుమారు మీటరు పైన పెట్టండి. మూడు మీటర్ల దూరం, 2 రెట్ల జూమ్, ఫోను నిట్టనిలువుగా. ఫోను వంగిందో లేదో తెలియాలంటే వెనక ఉన్న తలుపు చట్రమో గోడ మూలో చూస్తే చాలు. ఆ గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతుంటే ఫోను పైకి వంగినట్టు. కిందికి దగ్గరవుతుంటే కిందికి. ఎదుటివాళ్ళ ఫొటోలోనూ ఇదే పరీక్ష పనిచేస్తుంది. గీతలు సమాంతరంగా ఉంటే శరీరం కొలతలు చాలావరకు నమ్మొచ్చు.

ఎత్తు అంకె మాత్రం ఫొటోతో తేలదు. 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో న్యూయార్క్‌లో 80 మంది డేటింగ్ సైట్ సభ్యుల్ని నిజంగానే టేపుతో, తూకంతో కొలిచారు, వయసుకి గుర్తింపు కార్డు చూశారు. పదిమందిలో ఎనిమిదిమంది ఎత్తు, బరువు, వయసుల్లో కనీసం ఒకటి మార్చి రాశారు. ఎక్కువగా మారింది బరువు. అయితే చాలావరకు మార్పులు ఎదురుగా చూస్తే పట్టుకోలేనంత చిన్నవి.

కాంతిరేఖ

ఇక వెలుతురు. దీని గురించి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే చర్మం రంగు మీద వచ్చే గొడవలన్నీ ఇక్కడివే, అందులో నొచ్చుకునేవాళ్ళూ ఎక్కువే.

కిటికీ వెలుతురు పెద్ద తెరలా పరుచుకుని వస్తుంది. నీడల అంచులు మెత్తగా ఉంటాయి, కాబట్టి గుంటలు, ముడతలు, మచ్చలు తేలవు. అదే మనిషి నెత్తి మీద ఒక్క దీపం ఉన్నచోట కూర్చుంటే కళ్ళకింద, ముక్కుకింద, గడ్డంకింద గట్టి నీడలు పడతాయి, వయసు ఐదేళ్ళు పెరిగినట్టు అనిపిస్తుంది. కలుసుకునే చోట్లలో దీపాలు సాధారణంగా పైనే ఉంటాయి. ఫొటో కిటికీ పక్కది, కలయిక దీపం కిందది. ముఖం అదే.

రింగ్ లైటు వాడితే కళ్ళలో గుండ్రటి వలయం మెరుపు కనిపిస్తుంది. ముందు నుంచి సమానంగా కొట్టే ఆ వెలుతురు నీడల్ని మొత్తం తుడిచేస్తుంది, ముక్కు, దవడ ఎముకల ఆకారం కూడా చదునవుతుంది. ఫొటోలన్నిట్లో ఆ వలయమే కనిపిస్తుంటే ఆ ముఖం మామూలు వెలుతుర్లో ఎలా ఉంటుందో మీకింకా తెలియదన్నమాట.

రంగు. వెలుతురు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. పసుపు బల్బు 2700 కెల్విన్ దగ్గర, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర, నీడపట్టు 7000 పైన. ఫోను వీటిని తెల్లగా సరిచేయడానికి ప్రయత్నిస్తుంది. ఒకవైపు కిటికీ, ఇంకోవైపు బల్బు ఉంటే రెండిట్లో ఒకదాన్నే సరిచేయగలదు. దాంతో సగం ముఖం నీలంగానో నారింజగానో పడుతుంది.

అసలు చిక్కు ఎక్స్‌పోజర్‌ది, అంటే ఫొటోకి ఎంత వెలుతురు తీసుకోవాలన్న లెక్కది. ఫోను చాలాసార్లు ఫ్రేమంతా చూసి సగటు వెలుతురు లెక్కేస్తుంది. తెల్లగోడ ముందు చామనఛాయ మనిషి నిలబడితే గోడని చూసి ఫొటోని మసకచేస్తుంది, ముఖం ఉన్నదానికన్నా నల్లబడుతుంది. చీకటి నేపథ్యం ముందు అదే ముఖం తెల్లబడుతుంది. తెర మీద ముఖాన్ని వేలితో నొక్కితే లెక్క ముఖం మీదికి మారుతుంది, అది చాలు. ఇవేవీ తెలియక "ఫొటోలో తెల్లగా ఉంది, ఎదురుగా నలుపు" అని మనిషిని తప్పుపట్టడం క్రూరం. బ్యూటీ మోడ్ల సంగతి వేరు. అవి చాలావాటిలో చర్మాన్ని తెల్లబరచడం ముందే ఆన్‌లో ఉంటుంది, ఛాయ ముదురైనకొద్దీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్ళి చర్మం నునుపు, తెలుపు, ముఖం సన్నం, కళ్ళ సైజు, ఈ నాలుగూ సున్నా చెయ్యాలి. ఒక్క "బ్యూటీ" గుర్తు ఆపితే కొన్ని ఫోన్లలో నాలుగూ ఆగవు.

గీతలు

దీనికి ఒక సవరణ. బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపినా చీకటి గదిలో ఫ్రంట్ కెమెరా ఫొటో నున్నగానే వస్తుంది. చిన్న సెన్సరు, తక్కువ వెలుతురు, దానివల్ల ఫొటోలో చుక్కచుక్కల మరకలు, వాటిని తుడిచే సాఫ్ట్‌వేర్. అది మరకలతోపాటు చర్మం గరుకునీ తుడిచేస్తుంది. కాబట్టి నున్నటి చర్మం ఒక్కటే చూసి ఫిల్టర్ అనకండి.

ఆకారం మార్చారా అన్నది పట్టుకోవడానికి శరీరం వైపు కాదు, దాని పక్కన ఉన్న గీతల వైపు చూడాలి. నడుము పక్కన తలుపు చట్రం లోపలికి వంగిందా, గచ్చు పలకల గీతలు అలలా ఉన్నాయా, మెట్ల కమ్మీ చెయ్యి దగ్గర లావెక్కి పక్కన సన్నబడిందా. మెడలో గొలుసు ఉంటే దాని లంకెలు గడ్డం దగ్గర చిన్నవై కింద పెద్దవయ్యాయా. ముఖం మీద పడిన వెంట్రుక బుగ్గ దగ్గర మాయమై కింద మళ్ళీ మొదలైతే అక్కడ నునుపుచేశారు. నుదుటి మీద చర్మ రంధ్రాలు కనిపిస్తూ బుగ్గల మీద అస్సలు లేకపోయినా అంతే.

ఫొటో తీసిన తేదీ ఫైల్లో దొరుకుతుందని కొందరు చెబుతుంటారు. పెద్ద యాప్‌లు చాలావరకు అప్‌లోడ్ అప్పుడే ఆ సమాచారం తీసేస్తాయి, వాట్సాప్‌లో ఫొటోగా పంపినా పోతుంది. తేదీ లేకపోవడం దేనికీ రుజువు కాదు.

నిలువుటద్దం

అద్దం తిరుగుడు గురించి ఎవరూ రాయలేదు. ఫ్రంట్ కెమెరా తెరమీద అద్దంలోలా చూపిస్తుంది. సేవ్ చేసేటప్పుడు కొన్ని ఫోన్లు తిప్పుతాయి, కొన్ని తిప్పవు, కొన్నిట్లో సెట్టింగు ఉంటుంది. అందుకని ఒకే మనిషి పుట్టుమచ్చ ఒక ఫొటోలో ఎడమ బుగ్గ మీద, ఇంకోదాంట్లో కుడి బుగ్గ మీద కనిపించవచ్చు. దీన్ని చూసి ఇద్దరు మనుషుల ఫొటోలు అనేసేవాళ్ళున్నారు. ముందు చొక్కా మీద అక్షరాలు తిరగబడ్డాయా, పాపిడి కూడా వైపు మారిందా చూడండి.

తన ఫొటో తనకి నచ్చకపోవడానికీ ఇదో కారణం. 1977 నాటి ఒక ప్రయోగంలో ఎవరికి వారికి అద్దంలోని ముఖమే నచ్చింది, వాళ్ళ స్నేహితులకి తిప్పని ముఖం నచ్చింది. కాబట్టి "ఇది నాలా లేదు" అని మీరు పక్కన పడేసిన ఫొటోయే మిగతావాళ్ళకి మీలా కనిపించేది కావచ్చు.

ముఖచిత్రం

ఎంపిక గురించి ఇంకో మాట. అసలు ఒకే మనిషి ఫొటోలు ఒకదానికొకటి ఎంత దూరమో మనకి అంచనా ఉండదు. 2011లో కాగ్నిషన్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో ఇద్దరు డచ్ ప్రముఖుల ఫొటోలు తలా 20, మొత్తం 40 కలిపి, వాళ్ళెవరో తెలియని బ్రిటిష్ వాళ్ళకిచ్చి మనిషికో కుప్పగా పేర్చమన్నారు. కుప్పలు ఏడెనిమిది దాకా వచ్చాయి. అంటే ఉన్న ఇద్దరూ ఏడెనిమిదిమందిలా కనిపించారు. వాళ్ళని ఎరిగినవాళ్ళు మాత్రం రెండే కుప్పలు పెట్టారు. ఏ ఫిల్టరూ లేకుండానే ఇంత తేడా. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క ఫొటో చూసి మీ మనసులో కట్టుకున్న రూపం ఎదురుగా వచ్చినప్పుడు సరిపోకపోవడంలో వింతేముంది?

దానికితోడు ఫొటో సెకనులో చిన్న ముక్క. ఎదురుగా ముఖం ఆగదు, మాట్లాడుతుంది, నవ్వుతుంది. కదిలే ముఖం ఆగిన చిత్రంకన్నా ఆకర్షణీయంగా కనిపిస్తుందని 2012లో ఒక పరిశోధన తేల్చింది.

తన పోలికకి దగ్గరగా ఉన్న ఫొటోని మనిషి తానే సరిగ్గా ఎంచుకోలేడు. 2016లో వచ్చిన పరిశోధనలో, ఒక మనిషి వీడియో కొద్దిసేపు చూసిన అపరిచితులు ఏరిన ఫొటోలే, ఆ మనిషి స్వయంగా ఏరుకున్నవాటికన్నా పోలికలో మెరుగ్గా నిలిచాయి. కాబట్టి ఒక పది ఫొటోలు ఇటీవలే పరిచయమైనవాళ్ళకిచ్చి "ఏది బాగుంది" అని కాకుండా "ఏది నాలా ఉంది" అని అడగండి. ప్రశ్న మారితే జవాబు మారుతుంది.

సూటిప్రశ్న

సరే, ఇవన్నీ అమాయకమైన తేడాలు. పూర్తిగా వేరేవాళ్ళ ఫొటో పెట్టినవాళ్ళని ఎలా పట్టుకోవాలి? ఎస్కార్ట్ ప్రకటనల్లో, అంటే డబ్బు తీసుకుని తోడు వచ్చేవాళ్ళ ప్రకటనల్లో, ఇది మరీ ఎక్కువంటారు.

గీతలు

పద్ధతి ఇది. ఫొటో సేవ్ చేసి చుట్టూ ఉన్న అంచులు, రాతలు కత్తిరించి గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో వెతకండి, ఫొటో ఇస్తే అది ఇంకెక్కడ ఉందో వెతికేవి ఇవి. దొరక్కపోతే అద్దంలోలా ఎడమ కుడి తిప్పి మళ్ళీ వెతకండి, దొంగిలించినవాళ్ళు కొందరు అలా తిప్పి పెడతారు. తర్వాత మనిషిని వదిలేసి నేపథ్యాన్ని మాత్రం కత్తిరించి వెతకండి. టిన్‌ఐ అదే చిత్రాన్ని వెతుకుతుంది, అదే ముఖాన్ని కాదు. కాబట్టి ఏమీ దొరకలేదంటే ఫొటో నిజమని కాదు, ఆ చిత్రం దాని జాబితాలో లేదని మాత్రమే.

ఫొటోల మధ్య పోల్చేటప్పుడు చర్మం, పెదవులు, కనుబొమ్మలు వదిలేయండి, అవి మేకప్‌తో మారతాయి. చెవి మడతల ఆకారం, చెవితమ్మె అంటుకుందా విడిగా వేలాడుతోందా, నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే గీత, పుట్టుమచ్చల మధ్య దూరాలు, ఇవి చూడండి.

కృత్రిమంగా పుట్టించిన ముఖాల్లో 2019 ప్రాంతపు తరానికి ఒక ఆనవాలు ఉండేది: ఏ ఫొటో తీసుకున్నా కళ్ళు ఫ్రేములో సరిగ్గా ఒకే చోట ఉండేవి, రెండు చెవుల పోగులు కలిసేవి కావు. ఇప్పటి పరికరాలు అలా దొరకవు. ఒకే మనిషి వేర్వేరు కోణాల్లో, వేర్వేరు రోజుల్లో ఉన్న ఫొటోలు ఆరేడు ఉంటే చెవులు, మచ్చలు అన్నిట్లో కలుస్తున్నాయా అన్నది ఇంకా పనికొచ్చే పరీక్ష.

ముఖచిత్రం

ఎస్కార్ట్ ప్రకటనల మాట వచ్చింది కాబట్టి. అక్కడ ముఖం మసకబెట్టడం, పక్కకి తిప్పడం మోసానికి గుర్తు కాదు. గుర్తుపడితే ఉద్యోగం, ఇల్లు, ప్రాణం మీదికొచ్చే పనిలో ఉన్నవాళ్ళు ముఖం దాచుకుంటారు. దాన్ని బయటపెట్టమని ఒత్తిడి చెయ్యడం, ముఖం వెతికే సైట్లలో వాళ్ళ ఫొటో ఎక్కించడం చాలా ప్రమాదకరం. తప్పు.

చూడాల్సినవి వేరు. ఒకే ఫొటో వేర్వేరు పేర్లతో, వేర్వేరు వయసులతో కనిపించడం. ముందే డబ్బు, అందులోనూ గిఫ్ట్ కార్డుల రూపంలో అడగడం. ఫొటో దొంగిలించినచోట మొదట నష్టపోయేది ఆ ఫొటోలోని అమ్మాయి, ఆమెకి అసలు సంగతే తెలియదు. ప్రకటన ఉన్న సైటుకి ఫిర్యాదు చెయ్యాలి. మాట్లాడే మనిషి వెనక ఇంకెవరో మాటలు అందిస్తున్నట్టు, స్వేచ్ఛ లేనట్టు, వయసు తక్కువ ఉన్నట్టు అనిపిస్తే ఇక ఫొటో పోలిక గురించి ఆలోచించే ప్రసక్తే లేదు. అక్కడితో ఆగి పోలీసులకో సహాయ కేంద్రానికో చెప్పాలి.

నిలువుటద్దం

డేటింగ్ విషయంలో అయితే కలిసేముందు రెండు నిమిషాల వీడియో కాల్ చాలు. ఇద్దరూ ఒప్పుకుంటేనే. వీడియోలోనూ ఫిల్టర్లుంటాయి: తల పూర్తిగా పక్కకి తిరిగినప్పుడు, చెయ్యి బుగ్గ మీదుగా పోయినప్పుడు ఫిల్టర్ తడబడి అంచులు వణకొచ్చు. మాటల్లో సహజంగా జరిగేదే ఇది, పోలీసు తనిఖీలా "తల తిప్పు, చెయ్యి ఊపు" అని అడగక్కర్లేదు.

మీ వైపు నుంచి కెమెరా కంటి ఎత్తున, 70–80 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంటే కెమెరా కింద నుంచి చూస్తుంది, గడ్డం, ముక్కు రంధ్రాలే ముందుకొస్తాయి. లాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెడితే సరిపోతుంది.

తొలిమెట్టు

కొత్తగా ప్రొఫైల్ పెట్టేవాళ్ళకి ఎన్ని ఫొటోలు, ఎలాంటివి, కొంచెం స్పష్టంగా చెప్తారా? ఫోను ఒక్కటే ఉంది, తీసిపెట్టేవాళ్ళు లేరు.

కటకం

నాలుగైదు చాలు. వెనక కెమెరానే వాడండి, ఫోను ఒక స్టాండు మీదో అలమర అరమీదో కంటి ఎత్తున నిలబెట్టి 10 సెకన్ల టైమర్ పెట్టండి. కిటికీకి ఒక మీటరు లోపల, కిటికీ మీకు ముందు పక్కగా, 45 డిగ్రీల్లో ఉండాలి. గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పండి. ఫోనుకి మీటరున్నర దూరంలో నిలబడండి. 2 లేదా 3 రెట్ల లెన్సు ఉంటే అది. లేకపోతే మామూలు లెన్సుతోనే తీసి కత్తిరించుకోండి. దూరం మారనంతవరకు కత్తిరించినా ముఖం ఆకారం మారదు. 12 మెగాపిక్సెల్ ఫొటో పొడవు 4032 పిక్సెళ్ళు, అందులో మూడోవంతు మిగిలినా 1344 ఉంటాయి, ప్రొఫైల్‌కి అది ఎక్కువే.

మొదటిది నల్లకళ్ళద్దాలు, టోపీ లేకుండా ఎదురు ముఖం. రెండోది కొంచెం పక్కకి తిరిగిన ముఖం. మూడోది పైన చెప్పిన పద్ధతిలో నిలువెత్తు. నాలుగోది బయట మామూలు వెలుతుర్లో, నవ్వుతూనో ఏదో పని చేసుకుంటూనో. యాప్ ఒప్పుకుంటే పది సెకన్ల వీడియో ఒకటి, అది మిగతా అన్నిటికన్నా మేలు.

కాంతిరేఖ

ఫొటో వయసు సంగతి కూడా కలపండి. చాలా దేశాల పాస్‌పోర్టు నిబంధనలు ఆరు నెలల లోపు ఫొటో అడుగుతాయి. ప్రొఫైల్‌కి అంత బిగువు అక్కర్లేదు, ఏడాది దాటనివ్వకండి. గడ్డం పెంచినా తీసినా, జుట్టు కత్తిరించినా, ఐదారు కిలోలు అటూ ఇటూ అయినా ఏడాదితో పనిలేదు, ఆ వారమే మార్చండి. పాత ఫొటో ఇష్టమైనది ఉంటే చివర పెట్టి కింద సంవత్సరం రాయండి.

తొలిమెట్టు

మొటిమలు వచ్చి ఉంటే? అవి తుడిచేస్తే మోసమా?

గీతలు

వారంలో పోయేదాన్ని తుడవొచ్చు, ఎప్పుడూ ఉండేదాన్ని వదిలేయండి. మొటిమ, గీరుకున్న గీత, పెదవి పగులు తుడిచినా కలిసేనాటికి అవి ఉండవు. పుట్టుమచ్చ, కాలిన మచ్చ, పళ్ళ సందు, ముఖం వెడల్పు తాకకండి. తుడిచేటప్పుడు బ్రష్ సైజు మొటిమకన్నా కొంచెమే పెద్దగా పెట్టండి. బుగ్గంతా రుద్దితే చుట్టూ ఉన్న గరుకు పోయి అక్కడ మాత్రం ప్లాస్టిక్‌లా మెరుస్తుంది, చూసేవాళ్ళకి ముందు కనపడేది అదే.